కార్బిన్ తిరునాళ్ళ మీదుగా

నెబ్రాస్కా రాష్ట్రం, కార్బిన్ పట్టణం, షరీఫ్ కచేరీ. 1952 ఆగస్టు 23, శనివారం ఉదయం.

నా పేరు ఓర్ఫా హాగెన్. వయసు ముప్పై ఎనిమిది. భర్త నెల్స్ హాగెన్, పాడి రైతు. ఉండేది ఇదే రాష్ట్రంలో, ఉత్తరాన బ్రెన్నర్ గ్రామం. వృత్తి అడిగారు. ఎండాకాలంలో విమానంతో పొలాలకు మందు చల్లుతాను, చలికాలంలో బడి బస్సు తోలుతాను. ఇంతకు ముందు నా మీద కేసులేమీ లేవు. ఒకసారి బస్సు కింద పంది పడింది. అది కేసు కిందికి రాదని మీరే అన్నారు కాబట్టి రాయనక్కర్లేదు.

ఈ వాంగ్మూలం ఇష్టపడే ఇస్తున్నాను. నిన్న సాయంత్రం నన్ను వదిలిపెట్టేటప్పుడు షరీఫ్ లేలండ్ బుష్ గారు, "రేపు పొద్దున్నే వచ్చి అంతా చెప్పి సంతకం పెట్టాలి, మాటిస్తావా అమ్మా" అన్నారు. ఇచ్చాను. వచ్చాను. తెల్లవారగానే డెమోయిన్‌లో బయల్దేరి వచ్చి నేనూ నా తోటి ఆవిడా మెట్ల మీద కూర్చున్నాం. ఆలస్యంగా తలుపు తీసింది మీరే షరీఫ్ గారూ. జరిగినదంతా మీ కళ్ళ ముందే జరిగింది, అయినా మొదటి నుంచీ చెప్పమంటున్నారు, చెబుతాను. టైపు కొడుతున్నది షరీఫ్ గారి భార్య ఐడా గారు. నెమ్మదిగా మాట్లాడమని రెండుసార్లు కసిరారు. నెమ్మదిగా మాట్లాడటం నా వల్ల కాదు, నిన్నటి సంగతి తలుచుకుంటే ఇంకా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

నేను వెళ్ళింది ఆడవాళ్ళ విమాన పందేనికి. శాన్ డియాగోలో మొదలై, దేశంలో సగానికి పైగా దాటి, అయోవాలోని డెమోయిన్‌లో ముగుస్తుంది. విమానానికి ఇద్దరు. ఒకరు నడుపుతారు, ఒకరు మ్యాపు పట్టుకుని దారి చెబుతారు. నడిపేది నేను. దారి చెప్పేది వెర్డా కుచెరా, మా ఊరి పోస్టాఫీసులో పనిచేస్తుంది, వయసు యాభై ఏడు. ఆమె ఇప్పుడు ఈ గదిలోనే గోడ పక్కన బెంచీ మీద కూర్చుని వింటోంది.

పందెం పద్ధతి చెప్పమన్నారు. దారిలో కొన్ని ఊళ్ళు పెడతారు. ఆ ఊరి విమానాల మైదానంలో గడ్డి మీద సున్నంతో తెల్లగీత గీస్తారు. పక్కన గళ్ళ జెండా పట్టుకుని ఒక మనిషి, గడియారాలతో ఇంకో నలుగురు ఉంటారు. మేము చెట్ల ఎత్తుకి దిగి, ఇంజను పూర్తిగా తెరిచి, ఆ గీత దాటాలి. ఒక గీత నుంచి ఇంకో గీతకి పట్టిన సమయాన్నే లెక్క వేస్తారు. మధ్యలో ఎక్కడ దిగినా ఆ సమయం మన నెత్తినే పడుతుంది. ఆఖరి రోజు సూర్యుడు మునిగేలోపు డెమోయిన్ గీత దాటకపోతే పందెంలో లేనట్టే, పేరు కూడా రాయరు. ఇంకో నియమం కూడా ఉంది. మొదలు నుంచి చివరి వరకు విమానంలోకి మగవాడు ఎక్కకూడదు. ఎక్కితే అక్కడికక్కడే తీసేస్తారు. ఆ నియమం సంగతి మళ్ళీ వస్తుంది.

ముందు వెర్డా గురించి చెప్పాలి. లేకపోతే మేము ఎందుకంత మొండికేశామో మీకు అర్థం కాదు. ఈ పందెంలో ఆమెకిది నాలుగోసారి. ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్ళలేదు. ఓసారి ఇంజను పోయింది, ఓసారి పొగమంచు, ఓసారి నాకంటే ముందు ఆమెతో నడిపిన ఆవిడకి కడుపునొప్పి వచ్చి ఆసుపత్రిలో పడింది. ఈ వసంతంలో ఆమె కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయని డాక్టరు చెప్పాడు. పందెంలో దారి చెప్పేవాళ్ళకీ కావాల్సిన విమానం లైసెన్సు ఈ నెలాఖరుదాకా ఉంచాడు. "ఈ లోపల నీ చూపు వల్ల పొరపాటు జరిగిందని ఎక్కడైనా కాగితం మీద పడిందా, ఆ రోజుతో సరి" అన్నాడు. అంటే ఇదే ఆఖరి పందెం. డెమోయిన్ గీత దాటడమొక్కటే ఆమె కోరిక. గెలవడం కూడా కాదు, దాటడం.

నిన్న, శుక్రవారం, పందెం ఆఖరి రోజు, పన్నెండు కాకముందే నార్త్ ప్లాట్ నుంచి లేచాం. పొద్దున అక్కడ గోడ మీద స్థానాలు అంటించారు. మాది నాలుగు. నేను రెండుసార్లు చదివాను, వెర్డా వేలు పెట్టి చదివింది. ముందున్న ముగ్గురివీ కొత్త విమానాలు. మాది మందు చల్లేది, ఎంత కడిగినా గంధకం వాసన పోదు. అలాంటి దాంట్లో నాలుగో స్థానం అంటే మీరే ఆలోచించండి.

తరువాతి గీత టెల్ఫర్‌లో. మీ కార్బిన్‌కి తూర్పున పాతిక మైళ్ళ దూరం. పైన గాలి మా వెనక నుంచి వీస్తోంది.

"ఓర్ఫా, తోకగాలి తగిలిందే. నేల చూడు, ఎట్లా పరుగెడుతోందో" అంది వెర్డా.

"అయితే మూడో ఆవిడని పట్టేస్తామంటావా అక్కా?"

"మూడో ఆవిడెవరు, రెండో ఆవిడ జడ పట్టుకుంటాం."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను పాట కూడా పాడాను. ఇది రాయాలా అని ఐడా గారు అడుగుతున్నారు. రాయండి. ఆ సంతోషమే కొంప ముంచింది. త్వరగా వస్తున్నామని మనసు ఒప్పుకున్నాక, ఊరు త్వరగా వచ్చిందంటే ఎవరు కాదంటారు?

నేను ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి పెట్రోలు మార్చడానికి కిందికి వంగి ఉన్నాను. అప్పుడు వెర్డా నా భుజం తట్టింది.

"టెల్ఫర్ వచ్చేసింది. ముందు, కొంచెం ఎడమకి, పెద్ద కప్పు మీద పసుపు అక్షరాలు. బాణం కుడికి చూపిస్తోంది. తిప్పు."

"అప్పుడేనా? ఇంకా పావుగంట పట్టాలే."

"గాలి తెచ్చిందిలే. అవి నేను రాసిన అక్షరాలు పిల్లా. నా చేతిరాత నాకు తెలీదా?"

నేను తిప్పాను.

చేతిరాత అన్న మాట సంగతి చెప్పాలి. ఈ దేశంలో పైనుంచి చూస్తే ఊళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక రైలు పట్టా, ఒక నీళ్ళ ట్యాంకు, ఒక ధాన్యం ఎలివేటరు, అంటే ధాన్యం నిలవచేసే ఎత్తైన గాదె. అందుకని ఆడ వైమానికులు సంఘంగా ఏర్పడి ఊరూరా తిరిగి, పెద్ద పెద్ద కప్పుల మీదికెక్కి ఊరి పేరు, మైదానం ఎటుందో చూపే బాణం రాస్తుంటారు. ఒక్కో అక్షరం మనిషికి మూడింతలు. వెర్డా యుద్ధానికి ముందు చాలా ఊళ్ళు రాసింది. యుద్ధంలో శత్రువుకి దారి చూపినట్టవుతుందని వాటి మీద నల్లరంగు పూయమన్నారు, పూసింది. యుద్ధం అయ్యాక మళ్ళీ రాసింది. టెల్ఫర్ పశువుల దాణా కొట్టు కప్పు మీద పేరు ఆమె రాసిందే. చివరి అక్షరం కాలు పొడుగ్గా సాగదీస్తుంది, అది ఆమె అలవాటు. మా పోస్టాఫీసు బోర్డు మీద కూడా అట్లాగే ఉంటుంది.

తిప్పగానే ఊరు కనబడింది. మైదానం కనబడింది. గీత దాటేటప్పుడు మా విమానంలో ఒక పద్ధతి ఉంది. నేను ఎత్తు, వేగం చూపే ముళ్ళు చూస్తాను, పక్కన వేరే విమానం ఉందేమో చూస్తాను. గీత ఎక్కడుందో వెర్డా చెబుతుంది. ఆమె కేకలు వేస్తుంటే నేను నడపడమే.

"తెల్లగీత ఉంది. గళ్ళ జెండా ఉంది. జనం ఓ లెక్కన ఉన్నారు ఓర్ఫా, మనకోసం ఇంతమంది వచ్చారా. దిగు, ఇంకా దిగు. తెరువు."

పూర్తిగా తెరిచాను. మా ఇంజను మామూలుగానే గోల, పూర్తిగా తెరిస్తే చెవుల్లో దూది ఉన్నా ఆగదు. జెండా మనిషి పైకి చూశాడు, చూసి బోర్లా పడుకున్నాడు. గౌరవం కొద్దీ అనుకున్నాను.

"దాటాం" అంది వెర్డా. వెంటనే, "ఓర్ఫా, అవి గుర్రాలు" అంది.

"ఏవి?"

"మన కింద ఉన్నవి."

పైకి లేపి వంచి చూశాను. అది విమానాల మైదానం కాదు, మీ కౌంటీ తిరునాళ్ళు. ఆ గీత రెండు చక్రాల బండ్ల గుర్రప్పందేనిది. గుర్రాలు నాలుగు, నాలుగు దిక్కులకి పోతున్నాయి. ఒక బండి బోల్తా పడి ఉంది. ఆ బండి గుర్రం, కాడితో సహా, ఆడవాళ్ళ వంటల పోటీ డేరాలోకి ఇటునుంచి దూరి అటునుంచి బయటికొచ్చింది. దాని మెడలో బల్ల మీద పరిచిన గుడ్డ వేలాడుతోంది.

"దిగితే నాలుగో స్థానం పోయినట్టే అక్కా" అన్నాను.

"బోల్తా పడ్డవాడు లేవలేదు. దిగు" అంది వెర్డా.

తిరునాళ్ళ పక్కన ఆవులు మేసే బీడులో దించాను. అప్పటికి ఒంటిగంట కావస్తోంది. దిగి పరుగెత్తేసరికి బోల్తా పడ్డవాడు మురికి గుంట నుంచి కుడితిలో పడ్డ ఎలుకలాగా లేచి నిలబడ్డాడు. ఈ ఫిర్యాదు ఇచ్చిన ఆస్విన్ ట్రాస్క్ గారు ఆయనే. మోచెయ్యి బెణికింది, వేరే దెబ్బల్లేవు. ఆయన గుర్రం పేరు డచెస్, దానికేమీ కాలేదు, పళ్ళ రొట్టెలు తిన్నదని తరువాత తెలిసింది. గెలిచే పందెం పోయిందని ఆయన కోపం. అది న్యాయమైన కోపమే, నేను కాదనను. రెండు బండ్ల పొడవు ముందున్నాడట. టెల్ఫర్ గీత అనుకుని దాటామని చెప్పాను.

"మీకు కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచాడు. "ఇది టెల్ఫర్ ఏమిటి? ఇక్కడ గుర్రాలు కనపడలేదా? దారి చూపేది ఎవరు?"

నేను, "దారి చూపింది నేనే. కప్పు మీద పేరు నేనే చదివాను" అన్నాను.

అది అబద్ధం. అక్కడే నిలబడ్డ షరీఫ్ గారు నిన్న తన పుస్తకంలో ఆ మాట రాసుకున్నారు, దాన్ని కొట్టేయండి. వెర్డా లైసెన్సు సంగతి నా బుర్రలో తిరుగుతోంది, నోట్లోంచి అట్లా వచ్చేసింది. నా వెనక నుంచి వెర్డా వచ్చింది.

"ఇది అబద్ధం చెబుతోంది. చదివింది నేను. ఇది కిందికి వంగి ఉంది, దానికేం కనపడలేదు."

ట్రాస్క్ ఆమె కళ్ళద్దాలు చూశాడు. సీసా అడుగుల్లా ఉంటాయి అవి. "ఓహో, ఇదా సంగతి. షరీఫ్, ఈ ముసలావిడకి కళ్ళు కనపడవు. లేని పేరు చదివింది. కార్బిన్ చుట్టుపక్కల టెల్ఫర్ అని ఎవడు రాసుకుంటాడయ్యా? రాసుకో, గుడ్డిదాన్ని పక్కన కూచోబెట్టుకుని తిరునాళ్ళ మీదికి వచ్చారని రాసుకో."

షరీఫ్ గారూ, మీరు మళ్ళీ పెన్సిలు తీశారు. అవునా కాదా? తీశారు. ఆ ఒక్క వాక్యం కాగితం మీద పడితే వెర్డా పని అయిపోయినట్టే.

వెర్డా మాత్రం తొణకలేదు. "నాయనా, నీ బండి పడినందుకు క్షమించు. నా తప్పుంటే నేనే చెబుతాను, ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ అక్షరాలు అక్కడ ఉన్నాయి. షరీఫ్ గారూ, రండి, చూపిస్తాను."

షరీఫ్ గారు టోపీ వెనక్కి నెట్టుకుని, "అయితే నన్ను విమానంలో ఎక్కించుకుని తీసుకెళ్ళండి. పైనుంచి చూస్తే తేలిపోతుంది కదా" అన్నారు. న్యాయమైన మాటే. అప్పుడు నియమం చెప్పాను. మగవాడు ఎక్కితే పందెం నుంచి తీసేస్తారు. మీరు నమ్మలేదు. "మరీ విడ్డూరం. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. చుట్టూ మూడొందల మంది నిలబడి ఉన్నారు.

వెర్డా నావైపు చూసింది. ఎక్కించుకుంటే ఆమె పరువు నిలుస్తుంది, పందెం పోతుంది. ఎక్కించుకోకపోతే పందెం ఉంటుందేమో గానీ, ఆ వాక్యం పుస్తకంలోకి ఎక్కుతుంది. నేను, "ఎక్కించుకుందాం అక్కా, పోతే పోయింది పందెం" అన్నాను. వెర్డా చుట్టూ చూసి, "దీనికన్నా ఎత్తైనది ఈ ఊళ్ళో ఉంది కదా" అని ధాన్యం ఎలివేటరు చూపించింది.

దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి గంట పట్టింది. తాళం ఉన్నాయన పందుల ప్రదర్శనలో న్యాయనిర్ణేత, పని సగంలో వదిలి రానని, అది ముగించి ఇంకో గంటకి తాళం ఇచ్చాడు. ఆ రెండు గంటలూ నేను సూర్యుణ్ణి చూస్తూ గోళ్ళు కొరికాను. వంటల డేరా ఆడవాళ్ళు మా చుట్టూ చేరారు. పడిపోయిన రొట్టెలకి నన్ను తిడతారనుకున్నాను. ఒకావిడ, "పోనీలే, పోయినేడు కూడా అదే మనిషికి మొదటి బహుమతి ఇచ్చారు. ఈసారి గుర్రం తీర్పు చెప్పింది" అంది. వేయించిన కోడి, నిమ్మరసం తెచ్చిపెట్టారు. నా నోట్లోకి ముద్ద దిగలేదు. వెర్డా రెండు కాళ్ళు తింది.

ఎలివేటరు లోపల నిచ్చెన నిలువుగా ఉంటుంది. ముందు వెర్డా ఎక్కింది, తరువాత నేను, తరువాత షరీఫ్ గారు, ఆయన వెనక బెణికిన చేతికి కట్టు కట్టుకుని ట్రాస్క్. ట్రాస్క్ మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాడు, ఒంటి చేత్తో ఎక్కలేక. షరీఫ్ గారు మధ్యలో మూడుసార్లు ఆగారు. ఇది రాయొద్దంటున్నారు. నిజం చెప్పమని ప్రమాణం చేయించింది మీరే కదా, రాయండి ఐడా గారూ. పైనుంచి వెర్డా, "షరీఫ్ గారూ, ఊపిరి తీసుకోండి, నేను యాభై ఏడేళ్ళదాన్ని, నాకోసం తొందరపడకండి" అంది.

పైకి వెళ్ళాక సూర్యుడు మా వీపు వెనక, ఎడమకి ఉన్నాడు. వెర్డా ఉత్తరానికి చెయ్యి చాచింది. "ఆ మూడు గోతాల్లాంటి చెట్లు దాటాక, పెద్ద పశువుల కొట్టం. కప్పు చూడండి. చదువుకోండి."

షరీఫ్ గారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. గుర్రప్పందెం దుర్భిణి మెడలోనే ఉంది, అది కళ్ళకి పెట్టుకున్నారు. నేను చూశాను. టెల్ఫర్. పసుపు రంగు, చివరి అక్షరం కాలు సాగి ఉంది, పక్కన బాణం. బాణం సూటిగా తిరునాళ్ళకేసి చూపిస్తోంది. నేను గంతేయబోయి, ఎంత ఎత్తులో ఉన్నానో గుర్తొచ్చి ఆగాను. వెర్డాని గట్టిగా పట్టుకున్నాను.

"ఆ కొట్టం ఎవరిది?" అని అడిగాను.

షరీఫ్ గారు దుర్భిణి దించి, నిచ్చెన కన్నంలోంచి కిందికి తొంగిచూసి కేక వేశారు. "ఆస్విన్, నీ కొట్టానికి కప్పు ఎప్పుడు మార్చావురా?"

కింద ట్రాస్క్ నిచ్చెన వదిలి బయటికి నడిచాడు.

దిగాక సంగతి తేలింది. ఏప్రిల్లో టెల్ఫర్‌లో వడగళ్ళ వాన పడి దాణా కొట్టు గోడ కూలింది. కొత్తది కట్టుకుని, పాత కప్పు రేకులు వేలం వేశారు. ట్రాస్క్ కొన్నాడు. పాత రేకులు కొన్నవాడు ఎవడైనా చేసే పనే చేశాడు. మేకు కన్నాలు కన్నాలతో కలవాలని, లేకపోతే కారుతుందని, విప్పేటప్పుడే సుద్దతో వరుస నంబర్లు వేయించుకుని, అదే వరుసలో మళ్ళీ బిగించాడు. పేరు దానంతటదే కూర్చుంది. కింద నుంచి చూస్తే పసుపు గీతలే తప్ప అక్షరాలని తెలియదు. తెలిసినా నేల మీద నడిచేవాడికి దానితో పనేముంది?

"నేను రేకులు కొన్నాను. అక్షరాలు వాటితో వచ్చాయి. నేనేం చెయ్యను?" అన్నాడు ట్రాస్క్.

ఆయన భార్య మేబెల్ గారు అక్కడికొచ్చారు. "వచ్చినప్పటి నుంచీ మొత్తుకుంటున్నా, ఎర్రరంగు వెయ్యవయ్యా అని. విన్నావా? గుర్రానికి జడలు వేయడానికి తీరిక ఉంటుంది గానీ" అని మొదలుపెట్టారు. అది వాళ్ళింటి విషయం, అక్కడితో వదిలేస్తాను. ట్రాస్క్ గారు టోపీ తీసి వెర్డా ముందు నిలబడ్డారు. "గుడ్డిదని అన్నాను. ఆ మాట తప్పు" అన్నారు. వెర్డా, "అక్షరాలు బాగా నిలిచాయి కదూ. రంగులో అవిసె నూనె కలిపాను" అంది.

గుడ్డిదన్న వాక్యం రాయకుండానే షరీఫ్ గారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. "వెళ్ళండి. రేపు మాత్రం రావాలి" అన్నారు. అప్పటికి నాలుగున్నర దాటింది. డెమోయిన్ రెండున్నర గంటల దూరం, సూర్యుడు మునిగేది ఏడింటికి. మధ్యలో అసలు టెల్ఫర్ గీత దాటాలి, పెట్రోలు పోయించుకోవాలి. లెక్క వేస్తే అందదు. ఎవరూ లెక్క వేయలేదు.

బీడులో ఆవులు విమానం చుట్టూ చేరి రెక్క నాకుతున్నాయి. వంటల డేరా ఆడవాళ్ళు ఏప్రన్లు ఊపుకుంటూ వాటిని తోలారు. ఐడా గారూ, మీరూ తోలారు, నేను చూశాను. ట్రాస్క్ మంచి చేత్తో గుర్రం కొరడా ఝళిపిస్తూ ముందు పరుగెత్తాడు. "కుడివైపు గుంత ఉంది, ఎడమకి పట్టు" అని అరిచాడు. లేచాం. ఒళ్ళంతా పులకరించిందంటే నమ్మండి. నాలుగో స్థానం పోయింది, ఆఖరి స్థానం ఖాయం, అయినా నేనట్లా ఎప్పుడూ లేవలేదు.

టెల్ఫర్‌లో గడియారాల వాళ్ళు బల్లలు మడిచేస్తున్నారు. మా గోల విని జెండా మళ్ళీ విప్పారు. దాటాం, దిగాం, ఇంజను ఆపకముందే పెట్రోలు గొట్టం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మీ కప్పు ఎక్కడికి పోయిందో తెలుసా అని వెర్డా వాళ్ళని అడిగింది. ఎవరికీ తెలియదు.

తోకగాలి సాయంత్రం కూడా ఆగలేదు. దేవుడు మేలు చేశాడు. మిస్సోరీ నది దాటేసరికి మా నీడ మాకంటే ముందు చాలా దూరం పోతోంది. డెమోయిన్ మైదానం కనబడేసరికి సూర్యుడు ఇంకా జానెడు పైన ఉన్నాడు.

ఇక్కడితో చాలు, మిగతాది ఈ ఫిర్యాదుకి సంబంధం లేదు అంటున్నారు షరీఫ్ గారు. సంబంధం ఉంది. ఇది రాయకపోతే నేను సంతకం పెట్టను. వెర్డా కూడా తల ఊపుతోంది, చూడండి.

గాలి పడమటి నుంచి. కాబట్టి ఆ గీతని పడమటికి మొహం పెట్టి దాటాలి. ఊరు దాటి వెనక్కి తిరిగాను. ఎదురుగా సూర్యుడు. నేను ముళ్ళు చూస్తూ దిగుతున్నాను, వెర్డా కేక కోసం చెవి పెట్టాను. ఆమె మాట్లాడలేదు.

"గీత ఎక్కడక్కా?"

మాట్లాడలేదు.

"వెర్డా, గీత."

"నాకు కనపడటం లేదు ఓర్ఫా" అంది. గొంతు మామూలుగానే ఉంది. "అద్దమంతా పాలు పోసినట్టుంది. ఏమీ లేదు. నువ్వే చూసుకో."

తల ఎత్తాను. గీత నాకు ఎదురుగా, పెద్దగా ఉంది. జెండా ఉంది. కుర్చీల మీదికెక్కి నిలబడిన జనం ఉన్నారు. అంత పెద్ద గీత. పూర్తిగా తెరిచి దాటాను. "దాటాం" అని నేనే అన్నాను. ఆ మాట ఎప్పుడూ ఆమే అనేది.

ఆఖరివాళ్ళం మేమే. పేరు రాశారు. వెర్డా కుచెరా, ఓర్ఫా హాగెన్, చేరారు అని గోడ మీద రాశారు, ఇద్దరం నిలబడి చూశాం. ముందు చేరిన వాళ్ళంతా వచ్చి వెర్డాని భుజాల మీదికెత్తుకున్నారు. ఆమె అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కిందికి దించాక నన్ను పక్కకి పిలిచి, "పందెం డాక్టరు ఇక్కడే ఉన్నాడు కదా, పద" అంది. లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. నెలాఖరుదాకా గడువు ఉంది కదమ్మా అన్నాడాయన. "ఉంది. అయినా తీసుకోండి" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. "మధ్యాహ్నమంతా దానికోసమే కదా పోట్లాడాం, ఎలివేటరు ఎక్కాం, ఎందుకిచ్చేశావు" అని నిజంగా కోప్పడ్డాను.

"లేని పేరు చదివానని వాడెవడో చెప్పి నా చేతిలోంచి లాక్కుంటే ఊరుకుంటానా? ఉన్నదే చదివాను. ఇప్పుడు ఉన్నదాన్ని చూడలేకపోయాను. అది నాకు తెలుసు, నీకు తెలుసు. రేపు ఆ షరీఫ్ దగ్గర రెండూ చెప్పు. ఒకటి చెప్పి ఒకటి దాచి నా కళ్ళు బాగున్నాయనిపించొద్దు" అంది.

చివరి ప్రశ్న అడిగారు. గాల్లో ఉండగా కప్పు మీద అక్షరాలు నేను స్వయంగా చూశానా అని. చూడలేదు. వెర్డా తిప్పు అంది, తిప్పాను. తొమ్మిదేళ్ళుగా అంతే. ఈ పొద్దున డెమోయిన్ నుంచి వస్తూ మ్యాపు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె పక్కన కూర్చుని బయటికి చూస్తూ వచ్చింది. ఏం కనబడుతోందని నేను అడగలేదు.

పైన చెప్పినదంతా నేను చూసినది, చేసినది, విన్నది. బెదిరింపు, ఆశ ఏవీ లేవు. ఐడా బుష్ గారు చదివి వినిపించారు, పాట పాడిన ముక్కతో సహా సరిగ్గా ఉంది. కార్బిన్‌లో వెర్డా కుచెరా చదివిన పేరు నిజంగా అక్కడ ఉంది. డెమోయిన్‌లో నిజంగా ఉన్న గీత ఆమెకు కనపడలేదు. రెండూ నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) ఓర్ఫా హాగెన్

సాక్షి: (సంతకం) వెర్డా కుచెరా

నా ఎదుట నమోదైనది: లేలండ్ బుష్, షరీఫ్